ఏడుపు మాన్పించిన టీచరు

లిదియా టీచరుకు ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ చదువుకోవాలని బుద్ధి పుట్టింది. చదువు మీద ప్రేమతో అని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల మంచితనం. ఆమెకు కావలసింది నిద్ర.

బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆమె పదకొండేళ్లుగా లెక్కల టీచరు. లెక్కలు చెప్పడం ఒక్కటే పనైతే ఏ బాధా ఉండేది కాదు. తెల్లవారుజామున ఐదింటికే బోరింగు దగ్గర నూట ఇరవై మంది ఆడపిల్లలను వరుసలో నిలబెట్టాలి. గజ్జి లేచినవాళ్లకు మందు పూయాలి, తలలు దువ్వించాలి, ఉడకని పప్పు గురించి వంటమనిషితో తగువు పెట్టుకోవాలి. ఆ తర్వాత ఆరు క్లాసులకు భిన్నాలు, శాతాలు. సాయంత్రం దగ్గర కూర్చుని చదివించాలి, ఆ పైన హాస్టల్ డ్యూటీ. ఏ పిల్లకు జ్వరం తగిలినా దవాఖానాకు తీసుకుపోయేది ఆమే. భర్త క్రీస్తుదాసు భద్రాచలం డిపోలో కండక్టరు. ఆయన డ్యూటీ దిగే వేళకు ఈమె డ్యూటీ ఎక్కేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. మొదట్లో అందరూ అడిగేవాళ్లు, తర్వాత అడగడం మానేశారు.

ఎనభై ఏడు చివర్లో బడికి ఒక సర్క్యులరు వచ్చింది. ఆశ్రమ పాఠశాలల టీచర్లలో ఒకరిని ఏడాది పాటు పంపి, స్కూల్ సైకాలజీలో పోస్టు గ్రాడ్యుయేట్ డిప్లొమా చేయిస్తారట. ఆరు నెలలు హైదరాబాదులో క్లాసులు, మిగతా కాలం సొంత బడిలోనే పిల్లలతో పని. చదివి వచ్చినవాళ్లను నాలుగు బడులకు కలిపి స్కూల్ సైకాలజిస్టుగా వేస్తారట. హెడ్‌మిస్ట్రెసూ వార్డెనూ రెండూ తానే అయిన అంతోనమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

“ఏంది, పిచ్చోళ్ల డాక్టరా?”

“పిల్లల మనసు చూసే డాక్టరట మేడం,” అంది లిదియా.

“మనకు వాళ్ల నెత్తిల పేలు చూడనీకెనే టైం లేదు. మనసు ఎప్పుడు చూస్తవు లిదియా?”

స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు. లిదియా కూడా నవ్వి, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దరఖాస్తు నింపింది. ఆమె కళ్ల ముందు కనబడింది ఒక్కటే. ఒక గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎదురుగా ఒకే ఒక్క పిల్ల. పదకొండేళ్లలో ఒక్క పిల్లతో పది నిమిషాలు కూర్చుని మాట్లాడిన గుర్తు ఆమెకు లేదు.

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పోయి, చివరికి ఎక్కడ కునుకు తీసిందో ఎవరికీ తెలియదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది, ఎందుకంటే ఇది ఆ ఉద్యోగం కథ కాదు. ఆ చదువు చదువుతూ ఆమె ఒక పిల్లకు ఏం చేసిందో, ఆ కథ.

హైదరాబాదులో కిరాయికి తీసుకున్న గది ఎంత చిన్నదంటే, పెట్టె తెరవాలంటే మంచం మీదికి ఎక్కాలి. అయినా మొదటి వారం ఆమె ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. క్లాసులో కూడా నిద్రపోయింది. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. వాటిలోని పిల్లలకు కుక్కలంటే భయం, చీకటంటే భయం, ఒకడికి లిఫ్టంటే భయం. లిదియా అప్పటిదాకా లిఫ్టు ఎక్కలేదు. వాడి భయం అర్థం చేసుకోవడానికి ఒక రోజు పనిగట్టుకుని ఏదో ఆఫీసులో లిఫ్టు ఎక్కి దిగింది, ఆమెకూ భయం వేసింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పేజీ తర్వాత పేజీ లాగేది. తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాళ్లు గడగడా జవాబులు చెబుతుంటే చేతులు కట్టుకుని వినేది. స్టాప్‌వాచ్ నొక్కడం, పిల్లవాడి చేష్టలను గళ్ల కాగితంలో ఎక్కించడం, గ్రాఫు గీయడం మాత్రం ఆమెకు ఇట్టే వచ్చేశాయి. లెక్కల టీచరు గదా.

మే నెలలో తండ్రి సంసోను పోయాడు. బూర్గంపాడు బస్టాండు పక్కన ముప్పై ఏళ్లు సైకిళ్లు బాగు చేసిన మనిషి. రాత్రి అన్నం తిని పడుకున్నవాడు పొద్దున లేవలేదు. లిదియా వచ్చేసరికి పెట్టెలో పెట్టి సిద్ధంగా ఉంచారు. ఎల్లుండి పరీక్ష. సమాధి చేసి, వచ్చినవాళ్లకు టీ నీళ్లు పోసి, మర్నాడే బస్సెక్కింది. బస్సులో ఏడుద్దామనుకుంది గానీ పక్క సీటావిడ సూర్యాపేట దాకా తన కోడలి సంగతులు చెబుతూనే ఉంది. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి.

జూలైలో బడికి తిరిగి వచ్చింది. ఇప్పుడు అసలు పని. ఒక పిల్లను ఎంచుకుని, ఆ పిల్లలోని ఇబ్బంది ఏమిటో కనిపెట్టి, దాన్ని తగ్గించి, తగ్గినట్టు గ్రాఫుతో రుజువు చేయాలి. అది లేకపోతే డిప్లొమా లేదు. గైడు గారు పంపేటప్పుడే చెప్పారు. “లెక్కపెట్టగలిగే ప్రవర్తన ఎంచుకోండి లిదియా గారూ. బెంగ, దిగులు అంటే గ్రాఫు రాదు. ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, అది కావాలి.”

లెక్కపెట్టగలిగేది ఆదివారం నాడు తానంతట తానే గేటులోంచి నడిచి వచ్చింది.

ఆరో తరగతిలో రూప్లి అని ఒక పిల్ల. ఏడు కిలోమీటర్ల అవతలి తండా నుంచి ఆ ఏడే చేరింది. పదకొండేళ్లది, సన్నగా చువ్వలా ఉంటుంది, లెక్కల్లో చురుకు. తల్లి మంగ్లి ప్రతి ఆదివారం చెప్పుల్లేకుండా నడిచి వచ్చేది, అద్దాల రైక, మోచేతుల దాకా గాజులు, నెత్తిన జొన్నరొట్టెల మూట. వచ్చీ రాగానే మూట దింపి, బిడ్డ మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి ఏడుపు మొదలుపెట్టేది. ఒక ముక్క తల్లి ఏడ్చి ఆగితే ఇంకో ముక్క బిడ్డ అందుకునేది. అలా ఇరవై నిమిషాలు. అయ్యాక ఇద్దరూ ముక్కు చీదుకుని, కొంగుతో మొహాలు తుడుచుకుని, వేపచెట్టు కింద కూర్చుని వెల్లుల్లి కారంతో రొట్టెలు తింటూ ఇకఇకలు పకపకలు.

వాళ్లకు బాగానే ఉండేది. మిగతా నూట పందొమ్మిది మందికి ఉండేది కాదు. ఆ రాగం వినగానే ఎవరమ్మ వాళ్లకు గుర్తొచ్చి హాస్టలంతా గొల్లుమనేది. ఒక ఆదివారం ఇద్దరు పిల్లలు వెనక గోడ దూకి ఇంటిదారి పట్టారు. వాళ్లను వెతికి తెచ్చేసరికి అంతోనమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

“నీకేదో కేసు కావాలంటివి గద లిదియా. ఈ పోరిని తీసుకో,” అంది ఆమె, కణతలకు అమృతాంజనం రాసుకుంటూ. “ఆదివారమొస్తె నా తల పగులుతంది. నీ చదువుతోని గీ ఏడుపు ఆపితే నీకు దండం పెడత.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లిదియా ఆ రాగం కొత్తగా విన్నది కాదు. చిన్నప్పుడు తండ్రి సైకిల్ షాపులో కూర్చుని ఎన్నోసార్లు విన్నది. తండాల ఆడవాళ్లు బస్సు దిగి, ఎదురొచ్చిన చుట్టపామెను పట్టుకుని రోడ్డు మీదే అలా ఏడ్చేవాళ్లు. ఆరేళ్ల లిదియా భయపడి తండ్రి లుంగీ పట్టుకుంటే ఆయన ట్యూబుకు పంక్చరు వేస్తూ తల ఎత్తకుండానే అనేవాడు. “వాళ్లు ఏడుస్తలేరే. మాట్లాడుకుంటున్నరు.”

అంటే ఆమెకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు చేసింది. కావాలని కాదు. ముప్పై ఏళ్ల కిందటి ఆ మాటను పెట్టడానికి గళ్ల కాగితంలో గడి లేదు. తేదీకి గడి ఉంది, మొదలైన సమయానికి ఉంది, ఆగిన సమయానికి ఉంది. పుస్తకంలో అచ్చం ఇలాంటి పేజీ ఉంది, తల్లికి దూరమైన పిల్లల బెంగ గురించి, దాని లక్షణాల జాబితాతో సహా. పదకొండేళ్ల అలసట మీద ఆరు నెలల ఇంగ్లీషు పడితే మనిషికి తన చెవుల కన్నా పుస్తకం మీదే ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

స్టోరు రూములో బియ్యం బస్తాలు ఒక పక్కకు జరిపి బల్ల వేయించుకుంది. రెండు కుర్చీలు, ఎదురుగా ఒకే ఒక్క పిల్ల. కల నిజమైంది.

“అమ్మ వచ్చినప్పుడు ఎందుకు ఏడుస్తవు రూప్లీ?” అని అడిగింది.

రూప్లి వింతగా చూసింది. “అమ్మ వచ్చింది గద టీచర్.”

లిదియా రాసుకుంది: తల్లిని చూడగానే దుఃఖం ఆపుకోలేకపోతున్నది. అంతకన్నా తిన్నని జవాబు ఏ పిల్లా చెప్పలేదు, అంతకన్నా వంకరగా ఎవరూ రాసుకోలేదు.

మొదటి నాలుగు ఆదివారాలు కేవలం చూసింది. వేపచెట్టుకు కాస్త దూరంగా నిలబడి, చేతిలో స్టాప్‌వాచ్. ఇరవై రెండు నిమిషాలు, పందొమ్మిది, ఇరవై ఐదు, ఇరవై రెండు. తర్వాత వైద్యం మొదలుపెట్టింది. ఖమ్మం నుంచి తెప్పించిన బంగారు కాగితంతో నక్షత్రాలు కత్తిరించింది. ఏడుపు నాలుగైదు నిమిషాలు తగ్గితే ఒక స్టారు. స్టారు అట్టముక్క మీద అంటిస్తారు. స్టారు వచ్చిన వారం రూప్లి ఈ గదిలో కూర్చుని రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసుకోవచ్చు.

“నువ్వు పెద్దపిల్లవు. నువ్వు ఏడిస్తె మీ అమ్మకు రంది పెరగదా?” అని బుద్ధి చెప్పింది. మంగ్లిని కూడా పిలిచి చెప్పింది. “నువ్వు నవ్వుకుంట రావాలె మంగ్లీ. నువ్వు ఏడుస్తెనే పిల్ల ఏడుస్తంది.”

“గట్లనే టీచరమ్మా,” అంది మంగ్లి ఎంతో మర్యాదగా. తర్వాతి ఆదివారం వచ్చి మూట దింపి, అలాగే మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తింది.

రూప్లి మాత్రం చెప్పిన మాట వినే పిల్ల. లెక్క ఇస్తే చేసినట్టే ఇదీ చేసింది. పద్దెనిమిది నిమిషాలు, పన్నెండు, ఏడు, మూడు. తల్లి ముక్కకు తన ముక్క సగంలో ఆపేసి, కళ్లెత్తి లిదియా చేతిలో గడియారం వైపు చూసేది. గ్రాఫు మీద గీత మెట్లు దిగినట్టు దిగింది. గైడు గారికి పోస్టులో పంపితే ఎర్రసిరాతో ‘ఎక్సలెంట్’ అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితాన్ని లిదియా ఆ రాత్రి క్రీస్తుదాసుకు చూపించింది. ఆయన టికెట్ల సంచి దింపుతూ చూసి, “జల్దీ పాసై రా, నీకు రెస్టు దొరుకుతది,” అన్నాడు. వాళ్లిద్దరికీ అప్పట్లో అంతకన్నా పెద్ద కోరిక లేదు.

అక్టోబరు రెండో ఆదివారం సున్నా వచ్చింది.

మంగ్లి మూట దింపింది. బిడ్డ మెడ చుట్టూ చేతులు వేసి తన ముక్క ఏడ్చి ఆగింది. రూప్లి చేతులు కిందికి వేలాడేసి నిటారుగా నిలబడింది. తల్లి భుజం మీంచి లిదియా వైపే చూస్తోంది. పెదవులు బిగపట్టుకుంది, పరీక్షలో కూర్చున్నట్టు. మంగ్లి ఇంకోసారి అదే ముక్క ఎత్తుకుని అక్కడే ఆగింది. ఆగిన చోట ఏమీ రాలేదు. ఆమె చేతులు తీసేసి, బిడ్డ మొహంలోకి కాసేపు చూసింది. రొట్టెల మూట అరుగు మీద పెట్టి, కూర్చోకుండానే వెళ్లిపోయింది.

లిదియా సున్నా రాసుకుంది. రూప్లికి రెండు స్టార్లు ఇచ్చింది. ఆ పిల్ల వాటిని అంటించుకుంటూ, “అమ్మ రొట్టె తినకుంటనే పోయింది టీచర్,” అంది. “పని ఉండి ఉంటది,” అంది లిదియా. పత్తి చేతికొచ్చే కాలం, అబద్ధం కూడా కాదు.

తర్వాతి ఆదివారం మంగ్లి లోపలికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆదివారాలు ప్రశాంతంగా గడిచాయి. అంతోనమ్మ అన్నమాట ప్రకారం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. రూప్లి ఏడవలేదు. అమ్మ సంగతి అడగలేదు. లెక్కలు తప్పు లేకుండా చేసింది. బొమ్మలు వేసుకోవడానికి రమ్మంటే వచ్చి, పెన్సిళ్లు రంగుల వారీగా సర్ది, తిరిగి డబ్బాలో పెట్టేసి వెళ్లేది. ‘కేసు నిలకడగా ఉన్నది’ అని లిదియా రిపోర్టు ముగించి, బైండింగు చేయించింది.

డిసెంబరు మొదటి ఆదివారం వాచ్‌మన్ పగిడయ్య రొట్టెల మూట తెచ్చి లిదియా బల్ల మీద పెట్టాడు. “రూప్లికి ఇయ్యిండ్రి మేడం. నాకు లోపల పని ఉంది.”

“ఎవరు తెచ్చిన్రు?”

“వాళ్లమ్మనే. ప్రతి వారం తెస్తది గద.”

లిదియా పెన్ను కింద పెట్టింది. “ప్రతి వారమా? మరి లోపలికి రాదేంది?”

పగిడయ్య అడవిలోపలి కోయగూడెం మనిషి. తండావాళ్ల భాష అతనిది కాదు, వాళ్ల ఆచారం అతనిది కాదు. అయినా అడిగి తెలుసుకున్నాడు, అతనికి ఏ డిప్లొమా లేకపోయినా. “నేనూ అడిగిన మేడం. రానంటది. వాళ్లల్ల సొంతోళ్లు ఎదురుపడితే కలిసి ఏడువాలెనట. పరాయోళ్లతోనే ఎవ్వలూ ఏడువరట. బిడ్డ తనను తెంపేసుకున్నదని గేటు బయట కూసోని ఒక్కతే ఏడ్చి పోతది. నువ్వన్న పోయి పిల్లకు చెప్పరాదా అని నేనంటే, బలిమితోని చుట్టరికం అడుగుతరా అన్నది.”

అతను వెళ్లిపోయాడు. లిదియా ఆ మూట ముడి కూడా విప్పలేదు. తండ్రి మాట ముప్పై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి చెవిలో కూర్చుంది. వాళ్లు ఏడుస్తలేరే. మాట్లాడుకుంటున్నరు. తను ఒక తల్లీ బిడ్డల మాట ఆపేసింది. ఆపి, గ్రాఫు గీసింది.

తండా ఏడు కిలోమీటర్లు. హైదరాబాదు మూడు వందల కిలోమీటర్లు. శుక్రవారం హైదరాబాదులో మౌఖిక పరీక్ష ఉంది. లిదియా ముందు మూడు వందల కిలోమీటర్లే పోయింది. అక్కడ పెద్దల ముందు నిజం చెబుదామనుకున్నదని ఆమె తర్వాత అనేది. నిజమే కావచ్చు. మంగ్లి మొహం చూడటం కన్నా పెద్దల మొహం చూడటం తేలికని కూడా అనిపించి ఉండవచ్చు.

గదిలో గైడు గారూ, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారూ ఉన్నారు. గైడు గారు గ్రాఫు పేజీ తెరిచి గర్వంగా అటు తిప్పారు. “చూడండి సర్. ఇరవై రెండు నిమిషాల నుంచి సున్నాకు తెచ్చింది. మారుమూల అడవిలో, ఒంటి చేత్తో.”

లిదియా లేచి నిలబడింది. “సర్, ఆ పిల్లకు ఏ బెంగా లేదు సర్. అది వాళ్ల పలకరింపు. మనం దండం పెట్టుకున్నట్టు. నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసి కూడా నేనే చెడగొట్టిన. ఇప్పుడు తల్లి లోపలికి వస్తలేదు సర్.”

ఎగ్జామినరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “కల్చరల్ ఫ్యాక్టర్ అన్నమాట. మంచి పరిశీలన. చివర్లో లిమిటేషన్స్ అని ఉంది చూడండి, అక్కడ ఒక వాక్యం చేర్చండి.”

“మా లిదియా గారికి వినయం ఎక్కువ సర్,” అన్నారు గైడు గారు.

“ఆ పిల్ల సంగతి ఏం చేయమంటరు సర్?” అంది లిదియా.

“అది ఈ స్టడీ పరిధిలోకి రాదు కదమ్మా,” అన్నారు ఎగ్జామినరు గారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంకా పదకొండు మందిని చూడాలి, ఆయన కూడా అలసిపోయి ఉన్నాడు. స్టాండర్డ్ డీవియేషన్ గురించి ఒక ప్రశ్న అడిగారు, లిదియా చెప్పింది. ఫస్టు క్లాసు వచ్చింది. లిమిటేషన్స్ పేజీలో ఒక వాక్యం చేర్చింది. పదిహేను పదాలు.

ఆదివారం పొద్దున రూప్లిని వెంటబెట్టుకుని తండాకు బయలుదేరింది. రెండు పక్కలా పత్తి చేలు, మధ్యలో ఎడ్లబండ్లు దున్నేసిన బాట. రూప్లి ముందు నడుస్తోంది, చంకలో స్టార్లు అంటించిన అట్టముక్క. అది ఎందుకు తెచ్చావని లిదియా అడగలేదు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన కాళ్లు బరువెక్కాయి. మూడు చోట్ల ఆగి కూర్చోవలసి వచ్చింది.

మంగ్లి వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. వాళ్లను చూసి లేచి నిలబడింది. పరుగెత్తి రాలేదు. కొంగు సవరించుకుని నులకమంచం వాల్చింది. “కూసోండ్రి టీచరమ్మా,” అని లోపలికి పోయి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. ఒకటి లిదియాకు ఇచ్చింది. రెండోది రూప్లి ముందు పెట్టింది, ఊరికొచ్చిన ఆఫీసర్లకు పెట్టినట్టు. తన మగడు రామ్‌సింగ్ పత్తి అమ్మను పోయిండని, పొద్దుగూకి వస్తడని మర్యాదగా చెప్పింది. కన్నబిడ్డ మొహం వైపు మాత్రం చూడలేదు.

లిదియా దారి పొడుగునా ఏవేవో మాటలు కూడబలుక్కుంది. తప్పు నాది, పిల్లది కాదు, నేనే ఏడవొద్దన్నాను అని. అవన్నీ చెప్పింది కూడా. మంగ్లి తల ఊపి, “సదువుకున్నోళ్లు, మంచికే చెప్తరు,” అంది. ఆ మర్యాద దాటి లోపలికి పోవడానికి ఎక్కడా సందు దొరకలేదు.

ఇక చేసేది లేక రూప్లి వైపు తిరిగింది. “పో బిడ్డా. అమ్మ దగ్గరికి పో. ఎప్పట్లెక్క ఏడువు.”

రూప్లి లేచింది. రెండడుగులు వేసి ఆగింది. అట్టముక్కను రెండు చేతులతో పట్టుకుని, లెక్కలో అనుమానం అడిగినంత శ్రద్ధగా అడిగింది.

“టీచర్, ఇప్పుడు ఏడిస్తె స్టారా, ఏడువకుంటె స్టారా?”

లిదియా జవాబు చెప్పబోయింది. మాటకు బదులు ఏడుపు వచ్చింది. రాగం లేదు, మర్యాద లేదు. నులకమంచం పట్టె పట్టుకుని, ముక్కు కారుతుండగా, నలభైకి దగ్గరపడ్డ మనిషి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పదకొండేళ్ల తెల్లవారుజాములు, లిఫ్టు భయం, బస్సులో ఏడవలేకపోయిన ఏడుపు, అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. ఆపుకోవాలనుకుంది. ఆపుకునే ఓపిక కూడా లేకపోయింది.

మంగ్లి కాసేపు నిలబడి చూసింది. ఆ వాకిట్లో ఆడమనిషిని ఒక్కదాన్నే ఏడవనిచ్చిన ఆచారం లేదు. ఆమె పత్తి చేతులు కొంగుకు తుడుచుకుంది. దగ్గరికి వచ్చి లిదియాను లేపి, మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తింది. చెవి పక్కనే అంత పెద్ద గొంతు, గాజులు వీపుకు గట్టిగా ఒత్తుకుంటున్నాయి. ఒక ముక్క ఏడ్చి ఆగింది.

అది రెండో గొంతు రావలసిన చోటు. లిదియాకు ఆ చోటు బాగా తెలుసు, నాలుగు నెలలు గడియారం పట్టుకుని చూసింది. అక్కడ ఏం చెప్పాలో తెలియదు, ఆ భాష రాదు.

వెనక నుంచి రూప్లి మామూలు గొంతుతో అంది. “మీ ఇంట్ల ఎవరు పోయిన్రు అని అడుగుతంది టీచర్. చెప్పాలె.”

“మా నాయిన,” అంది లిదియా. “మే నెల్ల పోయిండు. సంసోను ఆయన పేరు.”

రూప్లి కొద్దిసేపు ఆలోచించింది. అట్టముక్క పత్తి మీద పెట్టింది. వచ్చి ఇద్దరి చేతుల కింద నుంచి తల దూర్చి, ఆ రాగంలోనే రెండో ముక్క అందుకుంది. లిదియాకు అందులో ఒక్క మాటే తెలిసింది, సంసోను అని. మంగ్లి గొంతు ఒక్కసారి వణికి, మళ్లీ నిలదొక్కుకుని ఇంకోటి అడిగింది.

“ఎట్ల పోయిండట?” అంది రూప్లి వెక్కిళ్ల మధ్య.

“నిద్రల. నేను దగ్గర లేను.”

అదీ రాగంలోకి పోయింది. మంగ్లి అడుగుతోంది, రూప్లి తెలుగులోకి తెస్తోంది, లిదియా చెబుతోంది, రూప్లి దాన్ని రాగంలో పెడుతోంది. ఆయన ఏం పని చేసిండు. నీకు తోబుట్టువులున్నరా. నీకు పిల్లలేరి. ఎన్నేళ్లుగానో ఎవరూ అడగని ప్రశ్నలు వరుసగా వచ్చాయి, అన్నిటికీ ఆమె జవాబు చెప్పింది.

ఆ తర్వాత మంగ్లి అడిగిన దాన్ని రూప్లి తెలుగులో చెప్పలేదు. లిదియా ఎదురుచూసింది. రూప్లి తల్లి మెడ పట్టుకుని నేరుగా జవాబిచ్చింది, చాలా పొడవుగా, మధ్యలో గొంతు బొంగురుపోతుంటే ఆగి ఊపిరి పీల్చుకుంటూ. ఆ ప్రశ్న తనకు కాదని, బిడ్డకని లిదియాకు అర్థమైంది. కాళ్లు పీకుతున్నా, వాళ్లిద్దరి మధ్య కదలకుండా నిలబడింది.